మొహమాటం తరంగం

నా కోడలు వారిజ గురించి గొప్పలు చెప్పుకోవడానికే ఇది రాస్తున్నాను. ఆ సంగతి ముందే చెప్పేస్తే మంచిది. అత్తగారు కోడల్ని పొగడడమేమిటని మా వీధిలో ఇప్పటికే కొందరికి కడుపునొప్పిగా ఉంది. ఉండనివ్వండి. నేను శేషారత్నం మాస్టారమ్మని. రిటైరయ్యేదాకా హైస్కూల్లో సైన్సు చెప్పాను. ఊరికే మెచ్చుకునే మనిషిని కాను. నా చేత నూటికి ఎనభై వేయించుకున్నవాళ్లు కాకినాడ మొత్తం మీద వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది ఉంటారు. నూటికి నూరు సంగతి ఎవరూ అడగలేదు, నేనూ వేయలేదు.

వారిజ మెదడు మీద పరిశోధన చేస్తుంది. బీచ్ రోడ్డు పక్కన వాళ్ల ల్యాబ్ ఉంది. అక్కడ తయారు చేసిన యంత్రానికి 'మురిపెం' అని పేరు పెట్టింది కూడా తనే. యంత్రం అంటే పెద్దదేమీ కాదు, చెవి వెనక అతికించుకునే చింతగింజంత బిళ్ల. దాన్ని మొట్టమొదట పెట్టుకున్న మనిషి మా ఇంట్లో, మా భోజనాల బల్ల దగ్గరే పెట్టుకున్నాడు. ల్యాబ్ క్యాంటీన్ సాంబారు పెట్టి మనిషికి ఆనందం కలిగిందో లేదో కొలవడం శాస్త్రం కాదని నేనే పోట్లాడి ఆ ప్రయోగాన్ని ఇంటికి తెప్పించాను.

ఆ మనిషి పేరు నూకరాజు. ఉప్పాడ వైపు వేటకు వెళ్లేవాడు. గొంతులో పుండుకు పెద్ద వైద్యమే జరిగింది. రోగం పోయింది గాని దాంతోపాటు నాలుక కూడా పోయినట్టయింది. ఏం పెట్టినా ఇసుకలా ఉందని ముద్ద ముట్టేవాడు కాదు. మనిషి ఎండు మెత్తళ్ల చేపలా అయిపోయాడు. నేను మామిడికాయ పప్పు, చేపల పులుసు చేసి వడ్డించాను. ముందు గదిలో వారిజ సహాయకుడు సాల్మన్ రాజు, మెదడు కదలికలు గీతలుగా చూపించే కంప్యూటర్ తెర ముందు కూర్చున్నాడు. వారిజ బిళ్ల అతికించి, "తినండి నూకరాజుగారూ" అంది.

అతను ఏదో మందు మింగినట్టు ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. నమలడం ఆపేశాడు.

"ఏంటి నాయనా, ఉప్పెక్కువైందా?" అన్నాను కంగారుగా.

"లేదండి అమ్మగోరూ. పులుపు తెలిసిందండి" అన్నాడు. ఎడమచేతి మణికట్టుతో కళ్లు తుడుచుకుని మళ్లీ కలుపుకున్నాడు. వారిజ గుమ్మం దగ్గర నిలబడి చూస్తూ ఉండిపోయింది. నాకూ ఏడుపు ఆగలేదు. పప్పు బాగుందని చాలామంది అన్నారు గాని, పులుపు తెలిసిందని ఏడ్చినవాడు ఆ ఒక్కడే.

అది ఎలా పనిచేస్తుందో నాకు అర్థమైనంత చెప్తాను. ఆకలితో ఉన్నవాడికి మొదటి ముద్దలో ఉన్న రుచి పదో ముద్దలో ఉండదు. పప్పు మారదు, పిడికిలి బిగించేది మెదడే. మొదటి ముద్దకు మెదడు ఇచ్చిన సంబరాన్ని ఈ బిళ్ల పట్టుకుని, ప్రతి ముద్దకూ మళ్లీ అంతే ఇప్పిస్తుంది. ముద్దకే కాదు, పాటకైనా, చల్లగాలికైనా అంతే. నూకరాజులాంటి వాళ్లకైతే మెదడు అడుగున దాచిన ఆ కాస్తనీ పైకి లాగి ఇప్పిస్తుంది.

ఒక్క చిక్కు మిగిలింది. కాసేపు తిన్నాక, కడుపు నిండకముందే, తెర మీద చిన్న తరంగం ఒకటి లేచేది. అది లేవగానే చెయ్యి మందగించేది. నూకరాజుకైతే రెండు ముద్దలకే లేచింది. అదేమిటో తేల్చడానికి ఆరోగ్యంగా ఉన్నవాళ్లను పరీక్షించాలన్నారు. ల్యాబ్‌లో వాళ్లంతా వంతులవారీగా మా ఇంటికి భోజనానికి వచ్చారు.

ఇక్కడ మా ఇంటి మర్యాద గురించి చెప్పాలి. గోదావరి జిల్లాల్లో అతిథి 'చాలు' అన్నాడంటే ఇంకో గరిటె వెయ్యమని అర్థం. చేతులు అడ్డం పెడితే వేళ్ల సందుల్లోంచి వడ్డిస్తాం. సాల్మన్ రాజు ఒకసారి విస్తరి మీద బోర్లా పడుకున్నంత పని చేశాడు, అయినా పులుసు పోశాను. ప్రతి మనిషి దగ్గరా వరస అదే. తెర మీద తరంగం లేచేది, 'చాలండి' అనేవాళ్లు, నేను వడ్డించేదాన్ని, వాళ్లు మెతుకు మిగల్చకుండా తినేసేవాళ్లు.

"ఇది మొహమాటమండి మేడమ్!" అని సాల్మన్ రాజు ఒకరోజు తెర ముందునుంచి కేకేశాడు. "కడుపులో చోటుందండి, ఆకలుందండి, నోటికి సిగ్గంతే. అమ్మగారు ఒత్తిడి చేస్తే తినేత్తన్నారు కదండీ!"

వారిజ పకపకా నవ్వింది. నేనూ నవ్వాను. దానికి 'మొహమాటం తరంగం' అనే పేరు ఖాయమైపోయింది. మొహమాటానికి పోయి ఆకలితో లేచిపోవడం ఎవరికి మంచిది? ఆ తరంగాన్ని అణిచేసేలా బిళ్లను సరిచేశారు. నూకరాజు కడుపునిండా తిన్నాడు. వర్షాకాలానికల్లా మళ్లీ తెప్ప ఎక్కాడు, బిళ్ల అవసరం కూడా తీరిపోయింది. అలాంటివాళ్లు ఎందరో బాగుపడ్డారు. శాలువాలు కప్పారు, పేపర్లో ఫోటో వేశారు. ఆ ఫోటోలో వారిజ పక్కన సగం నా మొహం కూడా ఉంది. ఆ పేపరు లామినేషన్ చేయించి హాల్లో పెట్టాను, ఇప్పటికీ ఉంది.

ఆ తర్వాత ఒక పెద్ద కంపెనీ వచ్చింది. రోగులకే ఎందుకు, అందరికీ అమ్ముదాం అన్నారు. రోజంతా కష్టపడే మనిషికి సాయంత్రం టీ మొదటి గుక్కంత బాగుంటే తప్పేమిటన్నారు. దసరాకు టౌన్ హాల్లో విడుదల అని నిర్ణయించేశారు. ఆరోగ్యవంతులకు దీనివల్ల హాని లేదని వారిజ హామీ ఇవ్వాలి. ఒకరి చేత వాడించి తను హామీ ఇవ్వడం ఆమె పద్ధతి కాదు. అందుకని తనే పెట్టుకుంది.

మా మేడ మీద వరండాలో ఇనప గొలుసుల ఉయ్యాలబల్ల ఉంది. దాని మీద కూర్చుంటే కొబ్బరి మొవ్వుల మీదుగా రేవులో ఓడలు కనిపిస్తాయి. ల్యాబ్ నుంచి రాగానే టీ గ్లాసు పట్టుకుని వారిజ అక్కడ కాసేపు ఊగుతుంది. ఆ కాసేపూ ఎవరూ పలకరించకూడదని ఇంట్లో నియమం, పెట్టింది నేనే. గ్లాసు ఖాళీ అయ్యేసరికి కిందికి దిగొచ్చి, ఏదో కూనిరాగం తీస్తూ కూరగాయలు తరిగేది. ఆమె పడే శ్రమకు ఆపాటి హక్కు ఉంది.

బిళ్ల పెట్టుకున్నాక ఆ కాసేపు కాస్త సాగింది. నేను పట్టించుకోలేదు. ఇంకాస్త సాగింది. వంట నేనే చేసేసుకున్నాను. ఒక సాయంత్రం దీపాలు పెట్టే వేళ దాటిపోయాక పైకి వెళ్లి, "అమ్మాయ్, భోజనానికి రావా?" అన్నాను.

"ఇప్పుడే కూర్చున్నానండి అత్తయ్యగారూ" అంది, చిన్నపిల్లలా నవ్వి.

అబద్ధం కాదది. వారిజకు అబద్ధం చెప్పడం చేతకాదు. ఆమెకు నిజంగానే ఇప్పుడే కూర్చున్నట్టుంది. ప్రతి ఊపూ మొదటి ఊపే అయినప్పుడు ఎంతసేపైంది అన్న మాటకు అర్థం ఏముంటుంది?

కంపెనీవాళ్లు ఫోను మీద ఫోను చేసేవారు. హామీ ఎప్పుడిస్తారు, విడుదల దగ్గరికొచ్చేస్తోంది అని ఒకటే ఒత్తిడి. మొదట్లో వారిజ అలసట తీర్చుకోవడానికి ఉయ్యాల ఎక్కేది. తర్వాత ఫోను మోగితే ఎక్కేది. ఆ తర్వాత ఫోను మోగుతుందేమోనని ఎక్కడం మొదలుపెట్టింది.

నా కొడుకు రఘునందన్ పోర్టులో పనిచేస్తాడు. వాడితో చెప్తే తేలిగ్గా తీసేశాడు.

"ఉయ్యాలే కదమ్మా! మా దగ్గర మందు కొట్టి క్రేన్ ఎక్కేవోళ్లని చూస్తున్నాను. వాళ్లతో పోలిస్తే ఇది చాలా నయం."

"నయమైన రోగమంటూ ఉండదురా" అన్నాను.

"రోగమేంటమ్మా నువ్వు మరీను! సంతోషంగా ఉంది మనిషి."

సంతోషంగానే ఉంది, కాదనను. చిక్కంతా అక్కడే వచ్చింది. వారిజ తన నిద్ర, బరువు, రక్తపోటు అన్నీ కొలుచుకుని చూసింది, ఒక్క అంకె కూడా తప్పు పట్టేలా లేదు. తాగుడైతే తిడతాం, పేకాటైతే ముక్కలు చింపుతాం. తన ఇంట్లో, తన ఉయ్యాల మీద, ఎవరికీ కీడు చేయకుండా ఊగే మనిషిని ఏమని తిట్టాలి? నాకు భయం వేసేది. ఎందుకు భయమో చెప్పమంటే చెప్పలేకపోయేదాన్ని.

మా మనవరాలు హంసిని కర్రసాము నేర్చుకుంటోంది. తొమ్మిదేళ్ల పిల్ల, తనకన్నా పొడుగు కర్ర పట్టుకుని పెరట్లో గిరగిరా తిప్పితే కోళ్లన్నీ గోడెక్కేవి. స్కూలు గ్రౌండులో జిల్లా పోటీలు పెట్టారు. "అమ్మా, నువ్వు ముందు వరసలో కూర్చోవాలి, నేను దండం పెట్టేటప్పుడు నిన్నే చూస్తాను" అని హంసిని వారం ముందునుంచీ చెప్తోంది. వారిజ ఒట్టు కూడా వేసింది.

ఆ రోజు వారిజ మధ్యాహ్నమే ఇంటికి వచ్చింది. "మీరు పదండి, ఒక్క ఐదు నిమిషాలు కూర్చుని వచ్చేస్తాను" అంటూ మేడ ఎక్కింది. నేనూ రఘూ పిల్లను తీసుకుని వెళ్లాం. ముందు వరసలో ఒక కుర్చీ మీద నా చేతిరుమాలు వేసి ఉంచాను. ఎవరెవరో వచ్చి అడిగారు, ఇవ్వలేదు. హంసిని బరిలోకి వచ్చింది, దండం పెట్టింది, ఆ చేతిరుమాలు వైపు చూసింది. తర్వాత కర్ర ఎత్తింది. ఎంత బాగా తిప్పిందంటే, పక్కనున్నావిడ చప్పట్లు కొడుతూ ఎవరి పిల్ల అని అడిగింది. నా మనవరాలన్నాను. చేతిరుమాలు ఇంకా కుర్చీ మీదే ఉంది.

పతకం మెడలో వేసుకుని హంసిని తిన్నగా మేడ ఎక్కింది. నేను వెనకే ఆయాసపడుతూ వెళ్లాను. వారిజ ఉయ్యాల మీద ఉంది. మమ్మల్ని చూసి, "వచ్చేశారా! పదండి పదండి, ఇప్పుడే కూర్చున్నాను, వెళ్దాం" అంది.

"అయిపోయిందమ్మా" అంది హంసిని.

పిల్ల ఏడవలేదు. ఏడిస్తే వారిజ ఓదార్చి ఉండేది, ఆ విషయం అక్కడితో సర్దుకుపోయేది. అది కర్రను గోడకు ఆనించి తల్లి కాళ్ల దగ్గరున్న టీ గ్లాసులు ఏరడం మొదలుపెట్టింది. ఆ గ్లాసులు నేను పెట్టినవే. నిన్నటిది ఒకటి, పొద్దుటిది ఒకటి, మధ్యాహ్నం మేము బయల్దేరేముందు ఇచ్చింది ఒకటి. అన్నీ నిండుగా ఉన్నాయి, అన్నిటి మీదా మీగడ గట్టిపడి ఉంది. ఒకదాని అంచు చుట్టూ చీమలు పట్టాయి.

"ఇవన్నీ ఎవరివే?" అంది వారిజ.

"నీవే."

వారిజ ఆ గ్లాసుల వంక చూస్తూ ఉండిపోయింది. ఉయ్యాల ఊగుతూనే ఉంది. కాళ్లు నేలకు ఆనించి ఆపడానికి ఆమె పడిన కష్టం నా కళ్లతో చూశాను. అందరికీ అది ఒక చిన్న పని. ఆమె పెదవి కొరుక్కుని, గొలుసు పట్టుకుని, ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి లేచింది. చెవి వెనక బిళ్లను పీకి అరచేతిలో పెట్టుకుంది.

"టీ మీద ఇష్టంతో ఇక్కడికొచ్చేదాన్ని" అంది నెమ్మదిగా. "టీ కూడా తాగలేదండి నేను."

ఇంకొకరైతే ఏడ్చేవారు, లేదా ఆ బిళ్లను వీధిలోకి విసిరేవారు. నా కోడలు శాస్త్రవేత్త. మర్నాడు ఆదివారం సాల్మన్ రాజును పిలిపించింది. నన్ను వంట చేయమంది. బిళ్ల లేకుండా, తెరకు కలిపే తీగలు మాత్రం తలకు తగిలించుకుని భోజనానికి కూర్చుంది.

"నాకు వడ్డించండి అత్తయ్యగారూ. మీరు అందరికీ ఎలా వడ్డిస్తారో అలాగే."

వడ్డించాను. ఆమె తిన్నది. కాసేపటికి, "చాలండి" అంది. నేను చేతిమీదుగానే గరిటె వంచాను. "లేచిందండి మొహమాటం!" అని సాల్మన్ రాజు ముందు గదిలోంచి అరిచాడు.

"సాయంత్రం భోజనానికి ఎవరూ దగ్గర ఉండొద్దు" అంది వారిజ. "నేనొక్కదాన్నే తింటాను. తలుపులు వేసుకుంటాను."

నాకు నచ్చలేదు. మా ఇంట్లో ఎవరినీ ఒంటరిగా తిననివ్వం. పాలవాడు టిఫిన్ వేళకు వచ్చినా పక్కన ఒకరు కూర్చుంటారు. కాని ఆమె మొహం చూసి సరేనన్నాను. సాయంత్రం మళ్లీ ఆకలి వేసేదాకా ఆగి, తలుపులన్నీ వేసుకుని వారిజ తనకు తనే వడ్డించుకుని తిన్నది. ఎవరూ చూడటం లేదు, ఎవరూ ఇంకా వేసుకోమనడం లేదు. మేమందరం తెర ముందు గుమిగూడాం.

కొన్ని ముద్దలయ్యాక తరంగం లేచింది. అదే ఎత్తు, అదే వంపు.

సాల్మన్ రాజు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. "అదేంటండీ! లోపల ఎవరూ లేరు కదండీ. ఎవరితో మొహమాటమండి?"

వారిజ తలుపు తీసుకుని వచ్చి తెర చూసింది.

"ఇది మొహమాటం కాదు రాజుగారూ" అంది. "ఇది చాలు అనే మాట. కడుపు చెప్పేలోపే మెదడు చెప్పే చాలు. మనం ఎవరికీ ఒంటరిగా భోజనం పెట్టలేదు, అందుకే తెలియలేదు. చాలు అన్నా వడ్డిస్తే మర్యాదకు తినేవాళ్లు. వాళ్ల తినడమే మొహమాటం. ఆపమన్నది నిజం. మనం నిజాన్ని అణిచేశాం."

"మరి నూకరాజుగారండి? బాగుపడ్డాడు కదండీ?"

"ఆయన ఆకలి లేని మనిషి, ఆయనకు ముందుకు తోసేది ఒకటి కావాలి. బ్రేకులు లేకపోయినా ఎత్తు ఎక్కే బండికి తెలియదు. నాలాంటి వాళ్లం పల్లంలో ఉన్నాం."

ఆ క్షణంలో నా కోడల్ని చూసి నాకు కలిగినంత గర్వం ఏ శాలువా కప్పినప్పుడూ కలగలేదు. తన తప్పును తనే తవ్వి తీసి, వెలుతురులో పెట్టి, ఇదిగో అని చూపించింది. ఎంత చదివినవాళ్లయినా ఇంకొకరు పట్టుకునేదాకా కిమ్మనరు.

కాని తప్పు తెలుసుకోవడం వేరు, దాన్నుంచి బయటపడడం వేరు. బిళ్ల తీసేశాక ఆమెకు ప్రపంచం చప్పబడిపోయింది. టీ వేణ్ణీళ్లలా ఉందనేది. సముద్రం వైపు చూసి మొహం తిప్పేసుకునేది. చిన్న మాటకు రఘు మీద విరుచుకుపడేది, తర్వాత బాధపడేది. అన్నిటికన్నా ఘోరం ఏమిటంటే ఉయ్యాల ఎక్కడం మానలేకపోయింది. ఎక్కితే ఏమీ బాగుండేది కాదు, అయినా ఇప్పుడొస్తుంది, ఇంకాసేపట్లో వస్తుంది అని ఆ పాత సంబరం కోసం ఎదురుచూస్తూ ఊగేది.

భోజనం దగ్గర లేచే ఆ తరంగం, ఉయ్యాల మీద తీగలు తగిలించి చూస్తే లేవడం లేదు. బిళ్ల పెట్టుకుని అన్నాళ్లూ ఊగింది అక్కడే మరి. ఎన్నాళ్లుగానో అణిచి ఉంచిన గొంతు అది, వెంటనే పలకదు. అసలెప్పటికైనా పలుకుతుందో లేదో సాల్మన్ రాజు కూడా చెప్పలేకపోయాడు. వారిజ ఆ తిన్నని గీతను చూసి, "పోయిందేమోనండి అత్తయ్యగారూ" అంది. ఆ రాత్రి నాకు ముద్ద దిగలేదు.

రఘు భరించలేకపోయాడు. ఒక సాయంత్రం స్పానరు పట్టుకుని మేడ ఎక్కి, స్టూలు వేసుకుని ఉయ్యాల కొక్కేలు విప్పబోయాడు. చప్పుడు విని వారిజ పరుగెత్తుకొచ్చింది.

"రఘూ, తియ్యకు."

"ఎందుకు తియ్యొద్దు? దీని మూలానే కదా ఇదంతా!"

"దీని మూలాన కాదు. నువ్వు తీసేస్తే నేను దిగినట్టు కాదు, నువ్వు దింపినట్టు. రేపు ఇంకోటి ఎక్కుతాను. ఉయ్యాల ఉండాలి. నేనే దిగాలి."

రఘు స్టూలు మీదే నిలబడి నా వైపు చూశాడు. "దిగరా, స్టూలు దిగు ముందు" అన్నాను. కోడలి మాట మీద కొడుకును దింపిన అత్తగారిని మా వీధిలో ఇంకొకరిని చూపించండి.

అప్పటినుంచి వారిజ కొత్త పని పెట్టుకుంది. ల్యాబ్ నుంచి రాగానే మేడ ఎక్కకుండా పెరట్లోకి వెళ్లి హంసిని దగ్గర కర్రసాము నేర్చుకోవడం. ఆ పిల్ల పోటీకి రాని తల్లిని అంత తేలిగ్గా క్షమించలేదు. గురువుగారి హోదాలో కసి తీర్చుకుంది. "మోకాళ్లు వంచు! కర్ర చూడకు, ఎదుటోడి కళ్లు చూడు! మళ్లీ తిప్పు!" అని ఒకటే గద్దింపు. వారిజకు చేతులు కాయలు కాశాయి, భుజాలు వాచాయి. కర్ర జారి ఒకసారి నా తులసికోట అంచు కూడా పగలగొట్టింది. సిమెంటు పూసుకున్నాను నేనే.

ఒకరోజు సాయంత్రం బావి దగ్గర బియ్యం కడుగుతున్నాను. కర్ర తిరుగుతున్న చప్పుడు వినిపిస్తోంది. ఉన్నట్టుండి ఆగింది.

"ఇంక చాలే తల్లీ" అంది వారిజ రొప్పుతూ. "బాగుంది. ఇవాళ్టికి చాలు."

ఆ మాట అని తనే ఉలిక్కిపడింది. నేను బియ్యం గిన్నె అక్కడే వదిలేసి వెళ్లాను. ఆమె కర్ర పట్టుకుని బొమ్మలా నిలబడి ఉంది.

"అత్తయ్యగారూ, నేను చాలు అన్నానండి!"

"విన్నానే."

"మీరు అనమనలేదు. ఎవరూ అనమనలేదు. దానంతటదే వచ్చింది!"

"ఏంటమ్మా, అలిసిపోయావు అంతే కదా" అంది హంసిని ఏమీ అర్థంకాక. వారిజ కర్ర పడేసి పిల్లను గట్టిగా పట్టుకుంది. అలసట కాదది. అలిసిపోయినవాళ్లు 'అమ్మో' అంటారు. బాగుంది అని, ఆ తర్వాత చాలు అనడం వేరు. మర్నాడు ఉయ్యాల మీద తీగలు తగిలించి చూస్తే సన్నగా, వణుకుతూ, చిన్న తరంగం లేచింది. సాల్మన్ రాజు ప్రార్థన చేసుకుని మరీ దాన్ని ప్రింటు తీసి తెచ్చిచ్చాడు.

దసరా వచ్చింది. విడుదల వద్దని వారిజ అప్పటికే కంపెనీకి చెప్పింది. వాళ్లు వినలేదు. సభ ఏర్పాటైపోయింది, పిలుపులు వెళ్లిపోయాయి. "మేడమ్, ఉయ్యాల ఊగడం ఒక జబ్బని ఎవరు నమ్ముతారండీ? మీరు చెప్పకపోతే ఎవరికి తెలుస్తుంది?" అన్నాడు వాళ్ల పెద్దమనిషి ఒకాయన మా ఇంటికే వచ్చి.

"నాకు తెలుసు కదండీ" అంది వారిజ. అతను నేనిచ్చిన కాఫీ కూడా పూర్తిగా తాగకుండా వెళ్లిపోయాడు.

టౌన్ హాలు నిండిపోయింది. వారిజ నేత చీర కట్టుకుని, మైకు ముందుకు వచ్చి, కాగితం లేకుండా మాట్లాడింది.

"మురిపెం వల్ల ఆరోగ్యవంతులకు హాని లేదని నేను హామీ ఇవ్వాలని మీరంతా ఎదురుచూస్తున్నారు. ఇవ్వను. హాని ఉంది. ఆ హాని ఎవరికి జరిగిందంటే, నాకు. నేను ఉయ్యాల దిగలేకపోయాను."

వెనక వరసల్లో కిసుక్కుమన్నారు. నేను లేచి నిలబడి వెనక్కి తిరిగాను. నవ్విన మొహాల్లో ఇద్దరు నా దగ్గర చదువుకున్నవాళ్లు. నన్ను చూడగానే బెంచీ కింద దూరేంత పని చేశారు. వారిజ అంతా చెప్పింది. గ్లాసుల సంగతి, ఖాళీ కుర్చీ మీద చేతిరుమాలు సంగతి, తలుపులు వేసుకుని తిన్న భోజనం సంగతి. రోగులకు, డాక్టరు కళ్లముందు, భోజనం వేళ మాత్రమే బిళ్ల వాడాలని, ఆకలి తిరిగొచ్చిన రోజునే తీసేయాలని చెప్పింది. మిగతావాళ్ల కోసం తను దాన్ని తయారు చేయనంది.

"ఆనందం తగ్గిపోవడం లోపమనుకున్నాను" అంది చివర్లో. "అది తగ్గబట్టే మనం లేచి ఇంకో పనికి, ఇంకో మనిషి దగ్గరికి వెళ్లగలుగుతున్నాం. అది నాకు నా కూతురి పోటీ అయిపోయాక తెలిసింది."

చప్పట్లు వెంటనే రాలేదు. మొదట కొట్టింది హంసిని. ఆ తర్వాత గుమ్మం దగ్గర నిలబడ్డ నూకరాజు కొట్టాడు. తర్వాత ఎవరు కొట్టారో నాకు కనిపించలేదు, కళ్లద్దాలు తడిసిపోయాయి. కంపెనీవాళ్లు శాలువా తెచ్చారు గాని కప్పకుండానే పట్టుకెళ్లిపోయారు. పోతే పోయింది. మా ఇంట్లో శాలువాలకు కొదవ లేదు.

మర్నాడు పండగ భోజనానికి సాల్మన్ రాజును కూడా పిలిచాం. పులిహోర, గారెలు, పనసపొట్టు కూర చేశాను. వారిజ ఇష్టంగా తింటోంది. పనసపొట్టు రెండోసారి వడ్డించబోయాను. ఆమె విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టింది.

"చాలు అత్తయ్యగారూ."

నా చెయ్యి గాల్లో ఉంది. ఈ చెయ్యి పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ ఆ మాటకు ఆగలేదు. వియ్యంకులకు ఆగలేదు, కలెక్టరు మా స్కూలుకు వచ్చినప్పుడు ఆయనకూ ఆగలేదు. ఆ రోజు ఆగింది. గరిటె వెనక్కి తీసుకుని గిన్నెలో పెట్టేశాను. రఘు నమలడం మానేసి చూశాడు. సాల్మన్ రాజుకు ధైర్యం వచ్చినట్టుంది, "నాకూ చాలండి అమ్మగారూ" అన్నాడు.

"నిజంగానా?" అన్నాను. నా జీవితంలో ఆ ప్రశ్న ఎవరినీ అడిగి ఎరగను.

అతను విస్తరి వైపు, గిన్నె వైపు చూశాడు. "ఒక్క గరిటె వెయ్యండి" అన్నాడు సిగ్గుపడుతూ. వేశాను.

సాయంత్రం వారిజ టీ పెట్టుకుని మేడ ఎక్కింది. ఎవరూ వెంట వెళ్లలేదు, వెళ్లొద్దని నేనే కట్టడి చేశాను. కింద గదిలో కూర్చుని ఊరికే వత్తులు చేస్తున్నాను గాని నా చెవులన్నీ పైనే ఉన్నాయి. గొలుసులు కిర్రుమంటున్నాయి. రఘు పేపరు తిరగేసి పట్టుకుని చదువుతున్నాడు. హంసిని మెట్ల మీద కూర్చుంది. కిర్రుమంటున్నాయి, కిర్రుమంటున్నాయి. రేవులో ఓడ ఏదో కూత వేసింది.

గొలుసులు ఆగాయి. ఎవరూ పిలవలేదు. ఫోను మోగలేదు. మెట్ల మీద అడుగుల చప్పుడు, ఏదో కూనిరాగం. వారిజ దిగొచ్చి హంసిని తల నిమిరి, "కూరకి ఏం తరగమంటారండి?" అంటూ గ్లాసు నా చేతికిచ్చింది.

ఖాళీ గ్లాసు. అడుగున పొడి తప్ప ఏమీ లేదు, ఇంకా గోరువెచ్చగా ఉంది. నా సర్వీసు మొత్తంలో ఎవరికీ నూటికి నూరు వేయలేదు. ఆ గ్లాసుకు వేశాను.